పేరు పెట్టి పిలవని జబ్బు

మన ఇళ్లలో క్యాన్సర్‌ను పేరు పెట్టి పిలవరు. ‘మూజీ మర్జ్’ అంటారు, అంటే హింసించే రోగం. మా ఆపా రొమ్ములోని గడ్డ క్యాన్సరేనని బయాప్సీలో తేలిన రోజు మేమూ ఆ పేరు పలకలేదు. రిపోర్టు జేబులో దాచి, ‘మామూలు గడ్డే ఆపా’ అన్నాం. వరండాలో మా గుసగుసలు విని ఆమే అడిగారు: ‘మూజీ మర్జేనా? నేనేం గునాహ్ చేశాను?’ ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన నోరు మాది, ఆ పూట పెగల్లేదు.

వ్యాధిని పాపానికి శిక్షగా తీర్మానించడానికి మనమెవరం? హజ్రత్ అయ్యూబ్ (అ) ప్రవక్త అయి ఉండి కూడా వ్యాధి బాధ అనుభవించారు. వైద్యం చేయించుకోమన్నది దైవప్రవక్త (స) ఆదేశమే. దుఆతోపాటు దవా కావాలి. తావీజుల కోసం తిరుగుతూ కూర్చుంటే గడ్డ ఆగదు. ఖర్చుకు జంకేవారికి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

నిజం చెప్పాక ఆపా చాలాసేపు ఏడ్చారు. తర్వాత రోజాల సంగతి అడిగారు. రోగికి ఖుర్ఆన్‌లోనే సడలింపు ఉందన్నాం. కూతురి సంబంధం మాట మాత్రం మేమే ఎత్తాం: పెళ్లివారికి ఇప్పుడే చెప్పకపోతేనేం? ‘దాచి పిల్లనిస్తామా?’ అన్నారు.

మర్నాడు డాక్టరు గదిలోకి ఆమే ముందు నడిచారు. చేతిలో ఉర్దూలో రాసుకున్న ప్రశ్నల కాగితం: ఏ దశ? ముందు ఆపరేషనా, మందులా? జుట్టు మళ్లీ వస్తుందా?