స్వల్పవ్యయముతో భయానకచిత్రము



మా వీథి పిల్లలు నలుగురు గత వేసవిలో నాయొద్దకు వచ్చి, సెల్‌ఫోనుతో పది నిమిషముల షార్టు ఫిలిము తీయుచున్నామనియు, అది థ్రిల్లరనియు, సంభాషణలు దిద్దిపెట్టుమనియు నడిగిరి. కథ చదివితిని. మొదటి పుటలో హత్య, మూడవ పుటలో హత్య, కడపట హంతకు డెవడో తెలియుట. కుంకుమనీళ్లు బిందెడు కలిపిరి. తీసి చూపిరి, చూచినవారందరు నవ్విరి. నాకు మాత్రము సంభాషణలలో నేను దిద్దినవి మరల తప్పుగా పలుకుట వినబడుచుండగా భయమున కవకాశమే లేకపోయెను.

లోపము డబ్బుదని పిల్లలకు తోచినది. రెండవ చిత్రమునకై అప్పుచేసి పెద్ద కెమేరా అద్దెకు తెత్తుమందురు. మనవంటి పెద్దలేమో అప్పు వలదు, పాడుపడిన యింటిలో అడుగు పెట్టవలదు అని రెంటిని గలిపి నిషేధించుచున్నారు. అప్పు నిషేధింపదగినదే. ఇంటినిగూర్చి మాత్రము నాకు కొంత చెప్పవలసియున్నది. నాట్యశాస్త్రమున భరతముని భయానకరసమునకు విభావములను జెప్పుచు వికృతధ్వనులను, నక్కల, గుడ్లగూబల వలని త్రాసమును, శూన్యగృహ ప్రవేశమును పేర్కొన్నాడు. పిల్లలు అడిగినది శాస్త్రసమ్మతమే.

అయిన నొట్టి యిల్లు చాలదు. భయము వస్తువులలో లేదు, ఎదురుచూచుటలో నున్నది. మన కదిరిలో నరసింహస్వామి ప్రహ్లాదునితో గూడి వెలసియున్నాడు గదా. ఆ కథను వీథినాటకములో నెన్ని మారులు చూడలేదు! స్తంభములో హరి యున్నాడని తల్లియొడిలోని పిల్లవానికిని దెలియును. తెలియనివాడు హిరణ్యకశిపు డొక్కడే. అతడు స్తంభమును జూపి ప్రశ్నించుచు, గద నెత్తి, మరల దించి, మరల నెత్తునంతసేపు జనమంతయు నూపిరి బిగబట్టుకొని కూర్చుండును. స్తంభము పగిలిన పిమ్మట కలుగునది వేరు రసము. దాచుటచేతనే ఉత్కంఠ పుట్టునని మన పిల్లల నమ్మకము. ముందే తెలుపుటచేత నింకను హెచ్చుగా పుట్టునని యీ కథ చెప్పుచున్నది.

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ అను దర్శకుడు 1962లో ఫ్రెంచి దర్శకుడైన ట్రూఫోతో సంభాషించుచు నిట్టి మాటయే చెప్పెను. ఇరువురు బల్లయొద్ద ముచ్చటలాడుచుండగా, బల్లక్రింద బాంబు హఠాత్తుగా పేలినచో చూచువారు క్షణకాలము ఉలికిపడుదురు. బాంబున్నదని ముందుగా చూపి, గోడగడియారమును గూడ చూపినచో, ఆ వట్టి ముచ్చటయే చూచువారి ప్రాణము తోడివేయును. ఆయన 1960లో 'సైకో' చిత్రమును టెలివిజను పనివారితో, నలుపుతెలుపులలో, సుమారు 8 లక్షల డాలర్లతో ముగించెను. హాలీవుడ్డు లెక్కలో నది చిన్న మొత్తమే.

కావున పిల్లలచేత కథ తిరుగ వ్రాయించితిని. ఒక ముదుసలి, ప్రొద్దు గ్రుంకిన వెనుక బుడ్డలమూట తెచ్చుటకు పాతయింటిలోనికి బోవును. అంతకుముందే ఒక చేయి పెరటితలుపు గడియను లోపలినుండి వేయుట మనకు చూపబడినది. ఆమె కది తెలియదు. కూర్చుండి బుడ్డలు చేటలో పోసికొనును, పుచ్చులేరును, కోడలిమీది కోపము తనలో తాను చెప్పుకొనును, లేవదు. ఇక కుంకుమనీళ్లతో పనియేమి?

వెలుగు విషయమున మనకు గురువులు ధర్మవరముదగ్గర నిమ్మలకుంటలో నున్నారు. అచ్చటి తోలుబొమ్మల కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటింపబడినది. తెర కానించిన బొమ్మ స్ఫుటముగా గనబడును. దీపమువైపు జరపినకొలది నీడ పెరిగి యంచులు చెదరును. ఈ సూత్ర మొక్కటి చాలును. సున్నము కొట్టిన గోడ, ప్రక్కనుండి యొక్క దీపము, దీపమునకు దగ్గరగా మనుష్యుడు నిలిచెనా, గోడమీద రాక్షసుడు లేచును. దీపము ముఖమున కెదురుగా పెట్టినచో పెండ్లిఫోటో యగును. కటికచీకటిలో సెల్‌ఫోను బొమ్మ చుక్కలుచుక్కలుగా చెదరును గనుక, బయటి దృశ్యములను సంధ్యవేళనే తీసికొనవలెను.

బొమ్మ కొంత మసకయైనను లోకము క్షమించును. మాట వినబడనిచో క్షమింపదు. రెండవ ఫోను నొకదానిని ముదుసలి చీరమడతలో దాచి మాటలు పట్టుట మేలు. గడియ చప్పుడు, బుడ్డ చిట్లు చప్పుడు పిదప వేరుగా పట్టి చేర్చవచ్చును. అన్నిటికంటె భయంకరమైనది ఆగిపోయిన చప్పుడు. కీచురాళ్లు హఠాత్తుగా మానినచో మనమందరము తల యెత్తుదుము గదా.

ఇక కాలము. తాడిపత్రిలో 1912లో పుట్టిన దర్శకులు కె. వి. రెడ్డిగారి పూర్తి పేరు కదిరి వెంకటరెడ్డి. మన యూరిపేరే ఆయన యింటిపేరు. 'మాయాబజారు' (1957) వంటి మహాచిత్రమునకే ఆయన రిహార్సలులో స్టాప్‌వాచి పట్టి సన్నివేశముల నిడివి లెక్కించినవాడు. 2011లో రామగోపాలవర్మ 'దొంగలముఠా'ను చిన్న చేతికెమేరాలతో ఐదు దినములలో తీసెను. చిత్రము గుణ మెట్టిదైనను, ముందు లెక్క లేనిదే అది సాగదు. మా పిల్లలు నా చేతిగడియారముతో మూడు సాయంకాలములు అభ్యాసము చేసిరి. పదునాలుగు నిమిషములు పట్టిన కథ తొమ్మిదింటికి దిగినది.

ఇల్లిచ్చు పెద్దలు అడుగవలసినవి కొన్ని గలవు. పగటివేళ ముందుగా పోయి మిద్దె దూలములు చూడవలెను. పెరటిబావిపై పలకలు పరపింపవలెను. తేళ్లున్నవేమో మూలలు ఊడ్పింపవలెను. రాత్రి కేక వినబడునని ఇరుగుపొరుగులకును పోలీసుస్టేషనునకును ముందే చెప్పవలెను. పోలీసు వేషముతో నెవడును వీథిలోనికి రాగూడదు. పెద్దవా డొకడు కడవరకు అచ్చట కూర్చుండవలెను. ఆ పని నేను ఒప్పుకొంటిని.

ముదుసలి వేషమునకు మా యక్కగారు సిద్ధముగా నున్నారు. కోడలిమీది కోపమును వ్రాసి యివ్వనక్కరలేదన్నారు. ఇంటి తాళపుచెవి మాత్రము మా దాయాదులయొద్ద నున్నది. వారును ఈ ప్రసంగము వినుచుందురని తలచెదను.