కాళీఘాట్ నీలాలను గుర్తుపట్టే కాంతి

19వ శతాబ్దంలో కలకత్తా కాళీఘాట్ గుడి పరిసరాల్లో పటువాలు మిల్లు కాగితం మీద బొమ్మలు వేసి యాత్రికులకు చవకగా అమ్మేవారు. వాటిలో కొన్ని ఇప్పుడు ఆ నగరంలోని ఇండియన్ మ్యూజియంలోనూ విక్టోరియా మెమోరియల్‌లోనూ భద్రంగా ఉన్నాయి. కృష్ణుడి మేనికి పూసిన నీలం ఏ పదార్థమో కంటితో చూసి చెప్పలేం. బెంగాల్ పొలాల్లో పండిన నీలిమందు కావచ్చు, 18వ శతాబ్దం తొలి ఏళ్లలో బెర్లిన్‌లో పుట్టిన ప్రష్యన్ బ్లూ కావచ్చు, 1820లలో ఫ్రాన్స్‌లో కృత్రిమంగా తయారై చవకబడ్డ అల్ట్రామెరైన్ కావచ్చు. పటువాలు శంఖపుష్పాల రసం వాడేవారనీ అంటారు.

దీన్ని తేల్చడానికి బొమ్మను గీకి నమూనా తీయనక్కరలేదు. బొమ్మ మీద ప్రతి బిందువు దగ్గరా వర్ణపటం నమోదు చేసి, ఏ పదార్థం ఎక్కడ ఉందో పటం గీయడమే రసాయన చిత్రణ. ఇందులో ఒక్క పద్ధతి చాలదు. ఎక్స్‌రే ప్రతిదీప్తి ప్రష్యన్ బ్లూలోని ఇనుమును పట్టిస్తుంది కాని, తేలికైన కర్బన అణువైన నీలిమందును చూడలేదు. సమీప పరారుణ కాంతిలో తీసిన ఫొటోలో ప్రష్యన్ బ్లూ నల్లగా ఉండిపోతుంది. నీలిమందు, అల్ట్రామెరైన్ రెండూ తేలిపోతాయి. ఆ రెండింటినీ విడదీసేది రామన్ వర్ణపటం.

చిన్నతనంలో విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్‌ను 1921 ఓడ ప్రయాణంలో ఆకట్టుకున్నది మధ్యధరా సముద్రపు నీలమే. ఆ నీలం ఎలా వస్తుందన్న ప్రశ్నను వదలకుండా పట్టుకున్న ఆయన, 1928 ఫిబ్రవరి 28న కలకత్తా బౌబజార్ వీధిలోని ప్రయోగశాలలో, చెదిరిన కాంతిలో కొంత భాగం రంగు మారి వస్తుందని సహచరుడు కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి గమనించారు. అలా మారేది సుమారు కోటి ఫోటాన్లలో ఒక్కటే. అయినా ఆ ఒక్కటీ అణువు ఆనవాలు మోసుకొస్తుంది. తరంగసంఖ్యల్లో (సెం.మీ⁻¹) చెప్పాలంటే, అల్ట్రామెరైన్‌లోని మూడు గంధక పరమాణువుల అయాన్ 548 దగ్గర, నీలిమందు 1570–1580 మధ్య, ప్రష్యన్ బ్లూలోని సైనైడ్ బంధం 2150 దాటాక గీతలు చూపుతాయి. కాగితమూ జిగురూ వెలువరించే ప్రతిదీప్తి ఈ బలహీన గీతలను ముంచేయగలదు. లేజర్ శక్తి కాస్త ఎక్కువైనా ప్రష్యన్ బ్లూ మాడిపోతుంది. అందుకే ఇది తొందర పనికిరాని పని.

ఇంత శ్రమ దేనికంటే, రంగు పేరును బట్టే చికిత్స. పాత మిల్లు కాగితం ఆమ్లమెక్కి పెళుసవుతుంది, దాన్ని సరిచేయడానికి క్షార ద్రావణం వాడతారు. అల్ట్రామెరైన్ క్షారాన్ని ఓర్చుకుంటుంది, ఆమ్లానికే రంగు కోల్పోతుంది. ప్రష్యన్ బ్లూ క్షారం తగిలితే గోధుమరంగుకు మారి పాడవుతుంది. కాబట్టి నీలం ఏదో తేలేదాకా ఏ కాళీఘాట్ బొమ్మనూ తడపకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఒకచోట పరీక్షించి ఊరుకున్నా సరిపోదు. తర్వాతి కాలంలో చేసిన మరమ్మతులో వేరే నీలం చేరి ఉండవచ్చు గనుక బొమ్మ మొత్తానికీ పటం తీయాలి.