కలుగులో కప్ప, వేల్స్ కుందేలు

ఇంగ్లండులో ఎవరింటికో భోజనానికి వెళ్లామనుకోండి. ఇంటావిడ వచ్చి, "ఈ పూట కలుగులో కప్ప వండాను, కూర్చోండి" అంటే మనలో ఎంతమందిమి ఆ బల్ల దగ్గర కూర్చుంటాం? కంగారు పడనక్కరలేదు. ఆ వంటలో కప్ప లేదు. 'టోడ్ ఇన్ ది హోల్' అన్న దాని ఇంగ్లీషు పేరుకు అర్థం మాత్రం అదే. మైదాపిండి, గుడ్లు, పాలు కలిపి జారుగా చేసిన పిండిని బాగా కాగిన కొవ్వులో పోసి, మధ్య మధ్య సాసేజీలు పెట్టి ఓవెన్‌లో కాలుస్తారు. సాసేజీ అంటే మాంసం కైమాను సన్నని తొడుగులో కూరి చేసేది. కాలేకొద్దీ చుట్టూ పిండి పొంగుతుంది, మధ్యలోంచి సాసేజీ కొస తొంగి చూస్తుంది. అది కలుగులోని కప్పలా కనబడుతుందని ఆ పేరు వచ్చిందంటారు.

బ్రిటన్ వంటలలో ఇలాంటి వింత పేర్లు చాలా ఉన్నాయి. పిల్లలకు చదివి వినిపిస్తే కడుపుబ్బ నవ్వుతారు. కాని ఒక్కొక్కదాని పుట్టుక తెలుసుకుంటూ పోతే, చాలావాటి వెనుక మనకు కనబడేది చాలీచాలని వంటిల్లే. 1762లో ఈ 'కప్ప' గూర్చి వ్రాసినవారు దానిని మోటు పేరు అన్నారు. పెద్ద పుడ్డింగులో చిన్న గొడ్డుమాంసపు ముక్క పెట్టి కాల్చడమే అప్పటి వంట. మాంసం కొంచెం, పిండి బోలెడంత. ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో మాంసం వడ్డించక ముందే ఇటువంటి పిండి పుడ్డింగును గ్రేవీ పోసి పెట్టేవారు. పిల్లల కడుపు దానితో సగం నిండితే ఉన్న కాస్త మాంసం అందరికీ సరిపోతుంది. ఈ లెక్క ఏ ఊరి తల్లికైనా తెలిసిందే.

'వేల్స్ కుందేలు' సంగతి ఇంకొక రకం. చీజ్‌ను కరిగించి, ఆవాల ముద్ద కలిపి, కాల్చిన రొట్టె మీద పోస్తే అదే వేల్స్ కుందేలు. (కొందరు బీరు కూడా పోస్తారు. అది మనకెందుకు? పాలతోనూ చక్కగా వస్తుంది.) ఇందులో కుందేలు మాంసం లేశమైనా ఉండదు. మరి ఆ పేరెందుకు? వేల్స్ ప్రజలు బీదవారు, వారికి కుందేలు కూడా దొరకదు, చీజే వారి కుందేలు అని ఇంగ్లీషువారు చేసిన ఎగతాళి అది అంటారు. 1725 నాటికే ఈ పేరు వ్రాతలో ఉంది. తరువాత కొందరు 'రాబిట్' అన్న మాటను 'రేర్‌బిట్' అని మార్చారు. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ అచ్చువేసిన నిఘంటువులో ఈ మాట కనబడుతుంది. మాట మార్చినంత మాత్రాన ఎగతాళి పోతుందా? స్కాట్లాండ్ వారికీ ఇటువంటిదే ఒకటి అంటగట్టారు. 'స్కాచ్ వుడ్‌కాక్' అంటే అడవిపిట్ట మాంసం కాదు, రొట్టె మీద గుడ్డు, ఉప్పుచేప. పొరుగువాడి పళ్లెంలోకి చూసి నవ్వడం ఏ దేశంలోనైనా ఉన్న జబ్బే.

నాకన్నిటికంటె నచ్చిన పేరు 'బబుల్ అండ్ స్క్వీక్'. మన మాటల్లో చెప్పాలంటే 'బుడబుడ, కీచుకీచు'. పెనం మీద వేగేటప్పుడు వచ్చే చప్పుడే దాని పేరు. ఆదివారం ఆరాధన ముగిశాక కుటుంబమంతా కూర్చుని మాంసం, బంగాళాదుంపలు, క్యాబేజీ తినడం బ్రిటన్‌లో పాత ఆచారం. సోమవారం బట్టలుతికే రోజు. నీళ్లు కాచి, ఉతికి, ఆరవేసేసరికి పొద్దు వాలిపోయేది, ఇక వంటకు తీరికెక్కడ? నిన్నటి క్యాబేజీ, దుంపలు కలిపి మెదిపి పెనం మీద ఎర్రగా వేయిస్తే భోజనం సిద్ధం. పాత వంట పుస్తకాలలో దీనిలో గొడ్డుమాంసం ముక్కలు కూడా ఉండేవి. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1940 జనవరి 8న, బ్రిటన్‌లో రేషన్ మొదలైంది. యుద్ధం 1945లో ముగిసినా రేషన్ మాత్రం 1954 జూలై 4 వరకు పూర్తిగా తొలగలేదు. మాంసం కోసం క్యూలో నిలబడిన ఆ ఇల్లాళ్లకు నిన్నటి క్యాబేజీ కూడా పారవేయదగినది కాదు. అయిదు రొట్టెలతో అయిదువేల మందిని పోషించిన ప్రభువు మిగిలిన ముక్కలను కూడా గంపలకెత్తించాడు గదా!

'కెజరీ' అన్న పేరు వింటే మాత్రం మనకు వింత ఉండదు. అది మన కిచిడీయే. ఓడెక్కి వెళ్లి, పప్పును వదిలి, పొగబెట్టిన చేప, ఉడికిన గుడ్లు కలుపుకొని అక్కడ ఉదయపు ఫలహారమైంది.

కార్న్‌వాల్ తీరంలో ఒక చిన్న రేవు ఊరు ఉంది. దాని పేరును 'ఎలుక కన్నం' అని వ్రాస్తారు, 'మౌజల్' అని పలుకుతారు. అక్కడ 'స్టార్‌గేజీ పై' అనే వంటకం చేస్తారు. గోధుమపిండి మూత కింద చేపలను పేర్చి, తలలు మాత్రం పైకి పెడతారు. అవి నక్షత్రాలను చూస్తున్నట్టుంటాయి. ఆ ఊరివారు చెప్పుకొనే కథ ఇది. ఒక శీతకాలంలో తుఫానులు ఆగలేదు. పడవలు కదలలేదు. ఊరంతా పస్తులున్నది. క్రిస్మసు దగ్గర పడింది. అప్పుడు టామ్ బాకాక్ అనే జాలరి ఒక్కడే సముద్రంలోకి వెళ్లి, ఏడు రకాల చేపలతో తిరిగి వచ్చి ఊరి ఆకలి తీర్చాడట. లోపల నిజంగా చేప ఉందని అందరికీ తెలియాలనే తలలు పైకి పెట్టారని అంటారు. ఆకలితో ఉన్నవారికి ఆ రుజువు కావలసిందే. ఇప్పటికీ డిసెంబరు 23న ఆ జాలరి పేర పండుగ చేసుకుంటారు.

ఇక 'సిమ్నెల్ కేకు'. ఈ పేరు వెనుక ఉన్నది లేమి కాదు, ఎడబాటు. సైమన్, నెల్ అనే ఇద్దరు పిండిని ఉడకబెట్టాలా కాల్చాలా అని తగవు పడి, చివరకు రెండూ చేశారని, వారి పేర్లు కలిసి సిమ్నెల్ అయిందని ఒక సరదా కథ. నిజానికి మెత్తని పిండికి ఉన్న పాత లాటిన్ మాట నుండి ఆ పేరు వచ్చింది. పెద్ద ఇళ్లలో పనికి కుదిరిన పల్లెటూరి ఆడపిల్లలకు శ్రమకాలపు నాలుగవ ఆదివారం ఇంటికి వెళ్లడానికి సెలవిచ్చేవారు. ఆ ఆదివారానికి 'మదరింగ్ సండే' అని పేరు. వారు తల్లి కోసం ఈ కేకు పట్టుకొని వెళ్లేవారు. ఇప్పుడు దీనిని ఎక్కువగా ఈస్టరుకు చేస్తున్నారు. పైన బాదంపిండి, చక్కెరతో చేసిన ఉండలు అపొస్తలుల పేర గుండ్రంగా అమరుస్తారు. లెక్కపెడితే పదకొండే ఉంటాయి. ఇస్కరియోతు యూదాకు ఉండ చేయరు.