జ్ఞానదంతపు చిగురువాపు – మందునకు లొంగని సూక్ష్మజీవులు

మన దంతములలో కడపట మొలచునది జ్ఞానదంతము. సాధారణముగా 17 మొదలు 25 సంవత్సరముల ప్రాయమున, అనగా కొంత బుద్ధి కుదిరిన వయస్సున వచ్చుటచే దానికీ పేరు గలిగినది. మన పాఠశాలయందలి పై తరగతుల విద్యార్థులకు త్వరలోనే యీ దంతము వచ్చును గావున, దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయ నెంచితిమి.

దవడయందు చోటు చాలనిచో నీ దంతము పూర్తిగా పైకి రాజాలదు. సగము మొలచిన పంటిని చిగురు తెరవలె కప్పియుండును. ఆ తెరక్రింద అన్నపు మెతుకులు చేరి నిలిచిపోవును. వేపపుల్లయు, బ్రష్షును అచటి కందవు. గాలి సోకని యా సందులో, గాలి లేకయే బ్రదుకు ప్రివొటెల్లా, ఫ్యూసోబాక్టీరియమ్ మొదలగు బాక్టీరియాలు వృద్ధి పొందును. ఇవి మన నోట నెప్పుడు నుండునవే. చాటైన చోటు దొరకుటయే వాని బలము. అంతట చిగురు వాచి, చీము పట్టి, నోరు తెఱచుటయు కష్టమగును.

అప్పుడు పలువురు దుకాణమున రెండు మూడు యాంటిబయాటిక్ మాత్రలు కొని మ్రింగి, నొప్పి తగ్గగానే మానివేయుదురు. ఇందు రెండు దోషములు గలవు. మాత్ర తెరక్రింది మురికిని కడుగజాలదు. మురికి యున్నంతకాలము వాపు మరల వచ్చుచుండును. ఇది మొదటిది. రెండవది యింతకంటె గొప్పది.

పెన్సిలిన్ జాతి మందులు బాక్టీరియాలను తమ గోడ కట్టుకొననీయక చంపును. కాని కొన్ని బాక్టీరియాలు ఆ మందును విఱుగగొట్టు ఎంజైమును పుట్టించును. పెన్సిలిన్ జనసామాన్యమున కందకమునుపే, 1940లో, అబ్రహాము, చెయిన్ అను శాస్త్రజ్ఞు లట్టి యెంజైమును కనుగొనిరి. మందు తక్కినవానిని చంపగా నివి మిగిలి, ఖాళీయైన చోట తమ సంతతిని పెంచుకొనును. ప్రివొటెల్లా విడుచు ఎంజైము పొరుగున నున్న బలహీన జీవులను గూడ కాపాడును. చాలని మోతాదు వలన సూక్ష్మజీవులకు మందు నెదిరించు శక్తి గలుగునని అలెగ్జాండర్ ఫ్లెమింగు 1945లో తన నోబెల్ ఉపన్యాసమున హెచ్చరించెను. 2019లో లోకమందు సుమారు 12,70,000 మంది, మందులకు లొంగని బాక్టీరియాల మూలమున మరణించిరని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి.

కావున విద్యార్థులారా, చిగురు వాచినపుడు గోరువెచ్చని యుప్పునీటితో పుక్కిలించి, దంతవైద్యునియొద్దకు పొండు. ఆయన తెరక్రింద శుభ్రము చేయును. అవసరమైనచో పంటిని తీసివేయును. పెక్కుమారులు దీనితోనే వాపు తగ్గును. జ్వరము వచ్చినను, వాపు ప్రాకినను ఆయన యాంటిబయాటిక్ వ్రాయవచ్చును. దానిని చెప్పిన మోతాదున, చెప్పినన్ని దినములు పుచ్చుకొనవలెను. మ్రింగుటకు గాని, ఊపిరి తీయుటకు గాని కష్టమైనచో తక్షణమే ఆసుపత్రికి పోవలెను. ఇంట మిగిలిన మాత్రలను మ్రింగరాదు, ఇతరుల కీయరాదు.

ఈ మందులు ఊరుమ్మడి చెఱువు వంటివి. ఒకడు వృథాచేసినచో దప్పిక యందఱిది. నేడు చిన్న వాపునకు దుర్వినియోగ పఱచిన మందు, రేపు మన యింట నొకరికి ప్రాణాపాయము వచ్చినపుడు పనిచేయకపోవచ్చునని తల్లిదండ్రులును, పిల్లలును గుర్తింతురుగాక.