చుక్కే కదా!

విద్యార్థులారా! మీ బడి కుళాయి కట్టేసినా చుక్కచుక్కగా కారుతోందా? "చుక్కే కదా!" అనుకోకండి. లెక్క వేయండి. సెకనుకు ఒక్కటి చొప్పున రోజుకు 86,400 చుక్కలు! 20 చుక్కలు సుమారు ఒక మిల్లీలీటరు. అంటే రోజుకు 4.3 లీటర్లు, ఏడాదికి 1,500 లీటర్ల పైమాటే. మోటారుతో, కరెంటు ఖర్చుచేసి ట్యాంకుకు ఎక్కించిన నీరది. వేసవిలో బోరు ఎండితే, అన్నానికి ముందు చేతులు కడుక్కోవడానికి మీకు కరువయ్యేదీ ఆ నీరే.

నమ్మకం కుదరలేదా? కుళాయి కింద కొలజాడీని గంటసేపు ఉంచండి. సెకనుకొక చుక్క పడితే సుమారు 180 మిల్లీలీటర్లు చేరాలి. మీకెంత వచ్చింది? 24తో హెచ్చించండి.

చాలాసార్లు దోషం లోపల అరిగిన వాషరుదే. మీ లెక్కను ప్రధానోపాధ్యాయులకు చూపి, కొత్తది వేయించమని అడగండి. అందాకా కింద బకెట్ పెట్టి, ఆ నీరు మొక్కలకు పోయండి.