కండరము లేల యదరును?

కుడికన్నదరిన పురుషునకు మేలనియు, ఎడమకన్నదరిన స్త్రీకి మేలనియు మన పెద్దలు చెప్పుట చదువరులెల్లరు వినియేయుందురు. శకునము మాట యెట్లున్నను, అదరుట మాత్రము నిజము. కనురెప్పయందే గాక పిక్కయందును, భుజమునందును, బొటనవ్రేలి మొదటను గూడ నట్టి యదరు కలుగుచుండును. కొందరు దీనిని శకునముగా నెంచి సంతసింతురు. మరికొందరు మహావ్యాధిగా నెంచి నిద్రమానుదురు. ఈ రెండును గాక దీని నిజస్వరూపమేమో తెలిసికొనుట మేలు.

జూబిలీహిల్సు, ఫిలింనగరు ప్రాంతములు తెలుగు చలనచిత్రములకు నిలయములు. ఆ చిత్రములలో ప్రఖ్యాతి గాంచిన నటీమణి సమంత రూత్ ప్రభు గారు 2022వ సంవత్సరము అక్టోబరు నెలలో తమకు మయోసైటిస్ అను వ్యాధి కలదని స్వయముగా ప్రకటించిరి. రోగనిరోధకశక్తి, కండరములు, స్టీరాయిడు మందులు అను మూడు మాటలు నాడు ఇంటింట వినబడినవి. ఒడలదరినవారికి “నాకును అట్టిదే కలిగినదేమో” యను శంక పుట్టుట సహజమే గదా!

మొదట అదరు పుట్టు విధమును చూతము. ఒక్కొక్క నరపుపోగు కొన్ని కండరపుపోగులపై నధికారము కలిగియుండును. మన యిచ్ఛ లేకయే ఆ నరము తనంతట తాను ప్రేరేపింపబడినచో, దాని యధీనమందలి పోగులన్నియు నొక్కమారుగా ముడుచుకొనును. అదియే యదరు. నిద్రలేమి, మితిమీరిన శ్రమ, కాఫీ తేనీరుల యాధిక్యము, మనోవ్యాకులము దీనిని హెచ్చించును. బలము తగ్గక, కండ సన్నగిల్లక, కేవల మదరు మాత్రమే యున్నచో దానిని నిరపాయమైనదిగా వైద్యులు చెప్పుదురు. అమెరికాదేశమందలి మేయో వైద్యశాలవారు ఇట్టి 121 మందిని అనేక సంవత్సరములు పరిశీలించి 1993లో ఫలితమును ప్రకటించిరి. వారిలో నొక్కరికైనను ప్రాణాంతకమగు నరముల వ్యాధి కలుగలేదు.

ఇక రోగనిరోధకశక్తి. అది మన దేహమునకు కావలి సేన వంటిది. ఒక్కొక్కప్పుడు ఆ సేన దారితప్పి స్వగృహముపైననే దాడి వెడలును. మయోసైటిస్‌నందు ఆ దాడి కండరములపై జరుగును. దాని ముఖ్యలక్షణము బలహీనత. కుర్చీనుండి లేచుట, మెట్లెక్కుట, తల దువ్వుకొనుట కష్టమగును. అదరు నరమునుండి పుట్టునది; మయోసైటిస్ కండరమునందు పుట్టునది. కావున కేవల మదరును జూచి మయోసైటిస్ అని తలంపరాదు.

అయినను నిరోధకశక్తికిని అదరునకును సంబంధమే లేదనరాదు. 1961లో ఐజాక్స్ అను వైద్యుడు దక్షిణాఫ్రికాయందు వర్ణించిన వ్యాధి యొకటి కలదు. నరములందు పొటాషియమును పోనిచ్చు ద్వారములు కొన్ని యున్నవి. ఈ వ్యాధి సోకిన పెక్కుమందిలో నిరోధకశక్తి ఆ ద్వారముల యొద్దనే పొరబడును. అంత కండరములు ఎడతెగక యలలవలె కదలుచు, బిగుసుకొనిపోవును, చెమటయు మిక్కుటమగును. ఇది మిక్కిలి యరుదు.

స్టీరాయిడు మందు సంగతి వినుడు. 1948లో మేయో వైద్యశాలయందు హెంచ్ అను వైద్యుడు కార్టిసోనును కీళ్లవాతరోగికి తొలిసారిగా నిచ్చెను. 1950లో ఆయనకును, మరి యిద్దరికిని నోబెల్ బహుమానము లభించెను. ఈ మందు దారితప్పిన సేనను అణచును. అందువలననే మయోసైటిస్‌నకు దీని నిత్తురు. ఐజాక్స్ వ్యాధియందును కొందరికి నిత్తురు. కాని చిరకాలము హెచ్చుగా వాడినచో తొడల, భుజముల కండలు బలము కోల్పోవును; నిద్ర చెడును; మనస్సు కలతపడును; దేహమందలి పొటాషియము తరుగవచ్చును. నిద్రలేమియు, కలతయు అదరును హెచ్చించునని పైన జెప్పితిమి. ఇట్లు మందు పరోక్షముగా తోడుపడవచ్చును గాని, నిరపాయమైన యదరునకు స్టీరాయిడే మూలమని రుజువు కాలేదు. అట్టి యదరునకు ఆ మందు చికిత్సయు గాదు.

ఇచ్చట రెండు హెచ్చరికలు. వైద్యు డిచ్చిన స్టీరాయిడును అదరునకు వెరచి తటాలున మానరాదు. మందు వాడినంతకాలము మూత్రపిండములపై నుండు గ్రంథులు సోమరులగును. హఠాత్తుగా మానినచో ప్రాణాపాయమే కలుగవచ్చును. క్రమముగా తగ్గించుట వైద్యుని పని. రెండవది: నటుల కండలను జూచి వ్యాయామశాలలలో కొందరు సేవించు స్టీరాయిడు వేరుజాతిది. అది హృదయమును, కాలేయమును చెరచును. ఎదుగు బాలుర యెముకల పెరుగుదలను ముందే యాపి పొట్టివారిని జేయును.

బలము తగ్గినను, కండ సన్నగిల్లినను, మాట తడబడినను, మ్రింగుట కష్టమైనను ఆలసింపక నరముల వైద్యుని జూడవలెను. పంజగుట్టయందలి నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో అట్టి వైద్యశాఖ కలదు. ఇవి యేవియు లేక రెప్ప మాత్రమే యదరుచున్నచో కాఫీ తగ్గించి, వేళకు నిద్రింపుడు. పరీక్షల దినములలో అదరు హెచ్చి, సెలవులలో తగ్గుట మీలో పెక్కుమంది కనుభవమై యుండవచ్చును.