ఇంటికి దూరమైన చోట అండ: న్యూజెర్సీ ‘మానవి’

అమెరికాలో దక్షిణాసియా స్త్రీలపై జరిగే హింసను ఎదుర్కొనడానికే ప్రత్యేకంగా ఏర్పడిన తొలి సంస్థగా గుర్తింపు పొందిన ‘మానవి’ 1985లో న్యూజెర్సీలో మొదలైంది. షమితా దాస్ దాస్‌గుప్తా సహా ఆరుగురు ప్రవాస స్త్రీలు దీనిని స్థాపించే నాటికి, 1965 వలస చట్టం తెరిచిన దారిలో వచ్చిన వైద్యులు, ఇంజనీర్ల తరం ఇక్కడ స్థిరపడి, గుళ్లు కట్టుకొని, భాషా సంఘాలు పెట్టుకొని, చదువూ సంపాదనా క్రమశిక్షణా గల సమాజమని పేరు తెచ్చుకొంది. ఆ పేరుకు మచ్చ వస్తుందన్న భయం ఇళ్లలోని హింసను గడప దాటనివ్వని కారణాల్లో బలమైనది. అనితా రాజ్, జే సిల్వర్‌మన్ 2002లో ప్రచురించిన బోస్టన్ ప్రాంత అధ్యయనంలో, 160 మంది దక్షిణాసియా స్త్రీలలో నూటికి నలభై మంది భాగస్వామి చేతిలో శారీరక లేదా లైంగిక హింసకు గురైనట్టు చెప్పారు. వారు యాదృచ్ఛికంగా ఎంపికైనవారు కారు కాబట్టి ఆ లెక్కను అందరికీ అన్వయించడం తగదు గానీ, ‘మనవాళ్లలో అలాంటివి ఉండవు’ అనే మాటకు మాత్రం అది చాలినంత జవాబు.

బాధితులకు తాత్కాలికంగా తలదాచుకొనే చోటు కల్పించే షెల్టర్లు అప్పటికే అమెరికాలో ఉన్నా, అక్కడి భాష, భోజనం, కొద్ది వారాల గడువు మన స్త్రీలకు సరిపడేవి కావు; పైగా హింస అంటే భర్త ఒక్కడే చేసేదన్న ఊహతో నడిచే వ్యవస్థకు అత్తమామల, ఆడపడుచుల పాత్ర ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. మానవి 1997లో ‘ఆషియానా’ పేరుతో దీర్ఘకాల వసతి గృహాన్ని తెరవడానికి నేపథ్యం ఇదే. అయితే న్యూజెర్సీ గృహహింస నిరోధక చట్టం అత్తింటివారి హింస విషయంలో ఆశ్చర్యపరిచేంత విశాలమైనది: ఒకే ఇంట్లో ఉంటున్న లేదా గతంలో ఉన్న కుటుంబసభ్యులు ఎవరైనా దాని పరిధిలోకి వస్తారు కనుక, వేధించిన అత్తగారిపైనా నిషేధ ఉత్తర్వు, అంటే బాధితురాలి దగ్గరికి రాకూడదని, ఆమెను సంప్రదించకూడదని కోర్టు ఇచ్చే ఆదేశం, కోరవచ్చు. మొదట తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చి, పది రోజుల్లో విచారణ జరిపి, నేరం రుజువై రక్షణ అవసరమని తేలితే కోర్టు గడువు లేని తుది ఉత్తర్వు ఇస్తుంది. ఇల్లు ఎవరి పేరిట ఉన్నా అందులో ఉండే హక్కును ఆమెకు ఇచ్చే అధికారం కూడా కోర్టుకు ఉంది. ఇంత బలమైన చట్టం ఉన్నదన్న సంగతి ఇక్కడి తెలుగు ఇళ్లలో ఎందరికి తెలుసు?

తెలిసినా అడుగు ముందుకు పడనివ్వనిది వీసా. హెచ్-1బి వీసాపై ఉద్యోగం చేసే భర్త వెంట వచ్చే భార్యకు దక్కేది హెచ్-4, అంటే అతని హోదా మీదే ఆధారపడిన అనుమతి. విడాకులతో అది ముగుస్తుంది. 1994 నాటి మహిళలపై హింస నిరోధక చట్టం, భర్త ప్రమేయం లేకుండా భార్యే గ్రీన్‌కార్డు కోసం స్వయంగా దరఖాస్తు చేసుకొనే వీలు కల్పించింది గానీ, అది భర్త పౌరుడో, శాశ్వత నివాసో అయితేనే వర్తిస్తుంది. హింసకు గురైన హెచ్-4 భార్యలకు పని అనుమతి ఇవ్వాలని 2005లో సవరణ వచ్చినా, దరఖాస్తు విధానం అమలులోకి రావడానికి 2017 దాకా పట్టింది. నేర బాధితులకు 2000లో ఏర్పడిన యు-వీసాకు ఏటా 10,000 పరిమితి ఉండడంతో నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతుంది. ఈ చిక్కుముడి విప్పగల న్యాయవాదిని చూపించడం, కోర్టుకు తోడు వెళ్లడం వంటి పనుల్లోనే మానవి వంటి సంస్థల విలువ బయటపడుతుంది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో, దాని చుట్టుపక్కల ఊళ్లలోనో ఉండే తెలుగు స్త్రీకి మైళ్ల లెక్కలో దగ్గరున్న షెల్టరు కన్నా, ఆమె కాగితాలు అర్థమయ్యే సంస్థే నిజానికి దగ్గర.

సెలవులకని భార్యను పుట్టింటికి తీసుకువెళ్లి, పాస్‌పోర్టు లాక్కొని అక్కడే వదిలివచ్చే దౌర్జన్యం మరొకటి. తిరుపతిలో పెళ్లి చేసుకొని, మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకొన్న భర్త కేసులో ఆ విదేశీ తీర్పు చెల్లదని భారత సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. అత్తింటి నుంచి వచ్చేసిన భార్య తాను తలదాచుకొన్న ఊళ్లోనే, భర్త, అతని బంధువుల క్రూరత్వాన్ని నేరంగా చెప్పే అప్పటి భారత శిక్షాస్మృతి 498-ఎ సెక్షన్ కింద ఫిర్యాదు చేయవచ్చని 2019లో స్పష్టం చేసింది. కనుక విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్న తల్లిదండ్రులకూ తలుపులు మూసుకుపోలేదు; స్త్రీల కోసం ఉన్న 181 సహాయవాణి, ప్రభుత్వ సఖి కేంద్రాలు అక్కడి ఆసరాలు.

ఇక్కడి తెలుగు సంఘాల పెద్దలకు సంబంధించిన చిక్కు మరొకటుంది. గొడవ తమదాకా వస్తే ఇద్దరినీ కూర్చోబెట్టి సర్దిచెప్పడం మన అలవాటు. న్యూజెర్సీ చట్టం మాత్రం, గృహహింస జరిగిందా లేదా అన్న అంశాన్ని మధ్యవర్తిత్వానికి, బేరసారాలకు అప్పగించరాదని కచ్చితంగా చెబుతుంది. బలం ఒకవైపే ఉన్న చోట రాజీ భయపడినవారి సంతకం మాత్రమే అవుతుందన్నది దాని వెనుక ఉన్న తర్కం. పైగా శిక్షణ పొందిన బాధితుల సలహాదారుతో చెప్పుకొన్న మాటలకు చట్టం ఇచ్చే గోప్యత, పెద్దమనిషితో పంచుకొన్న మాటలకు ఉండదు. సంఘాలు చేయదగినది ఇంతకన్నా సులభం: సంక్రాంతి, ఉగాది సంబరాల్లో స్త్రీలు ఒంటరిగా చదువుకోగల చోట, అనువాదకుల సాయంతో తెలుగులోనూ మాట్లాడగల జాతీయ సహాయవాణి నంబరు 1-800-799-7233ను, పక్కనే మానవి పేరును అతికించడం.